ఇల్లు వేలం దాకా వస్తే: మనమే అమ్ముకోవాలా, ఓటీఎస్ అడగాలా, డీఆర్టీకి వెళ్లాలా, బ్యాంకుకే వదిలేయాలా?

ముందు ఒక కన్ఫ్యూజన్ తీసేద్దాం. బ్రాంచికి వెళ్లి ఫోర్‌క్లోజర్ గురించి మాట్లాడాలి అంటే మీరు మిగతా లోన్ మొత్తం ఒక్కసారే కట్టేసి కాగితాలు పట్టుకుపోవడానికి వచ్చారనుకుని కుర్చీ వేస్తారు, ఎందుకంటే మన బ్యాంకుల్లో ఆ మాటకి వాడుక అదే. ఆ రకం ఫోర్‌క్లోజర్‌తో ఇబ్బందేం లేదు, ఫ్లోటింగ్ రేటు హోమ్ లోన్ల మీద దానికి పెనాల్టీ వేయొద్దని ఆర్‌బీఐ 2012లోనే బ్యాంకులకి చెప్పేసింది. ఇక్కడ మాట్లాడేది రెండోది, ఈఎంఐలు ఆగిపోయి తాకట్టులో ఉన్న ఇల్లు చేజారిపోయే రకం. పైన రాసిన ఓటీఎస్ అంటే ఒకేసారి కొంత కట్టి సెటిల్ చేసుకోవడం, డీఆర్టీ అంటే బ్యాంకు బాకీల గొడవలు చూసే ట్రిబ్యునల్.

చట్టం ప్రకారం అసలు సిసలు ఫోర్‌క్లోజర్ 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 67వ సెక్షన్‌లో ఉంది. అంటే డబ్బు కట్టి ఆస్తి విడిపించుకునే హక్కు నీకు ఇక లేదు, ఆస్తి అప్పిచ్చినవాడిదే అని కోర్టు తేల్చేయడం. కానీ ఇది అన్ని తాకట్లకీ కుదరదు, షరతు మీద అమ్మినట్టు రాసిన తనఖాలకి, ఇంకా కొన్ని కలగాపులగం తనఖాలకి మాత్రమే. మీరు ఫ్లాట్ కాగితాలు బ్యాంకులో పెట్టి తీసుకున్న హోమ్ లోన్‌కి ఇది రాదు. అక్కడ బ్యాంకు ఇల్లు అమ్మి తన బాకీ తీసుకోవాలి అంతే, మిగిలింది మీదే, అది బ్యాంకులు తాకట్టు ఆస్తి అమ్మి బాకీ రాబట్టుకునే సర్ఫేసీ చట్టం 13వ సెక్షన్‌లోనే రాసుంది. ఈ ముక్క తెలియక చాలామంది ఎలాగూ ఇల్లు పోయింది కదా అని ఫోన్లు ఎత్తడం మానేస్తారు, దానివల్ల పోయేది ఇల్లొక్కటే కాదు, ఇన్నేళ్లు కట్టిన అసలు కూడా.

2002లో సర్ఫేసీ వచ్చాక బ్యాంకు కోర్టుకి వెళ్లక్కర్లేదు, తనే నోటీసు ఇచ్చి, తనే స్వాధీనం చేసుకుని, తనే వేలం వేస్తుంది. అందుకే ఆప్షన్లు పోల్చుకునే ముందు మీరు ఏ మెట్టు మీద ఉన్నారో చూసుకోండి, మెట్టు మారితే కొన్ని ఆప్షన్లు ఉండవు. ఈఎంఐ ఆగి 90 రోజులు దాటితే అకౌంట్ ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ అవుతుంది. తర్వాత 60 రోజుల నోటీసు వస్తుంది, 13(2) నోటీసు అంటారు. ఆ గడువు దాటితే స్వాధీనం, ముందు కాగితం మీద, తర్వాత నిజంగా. కాగితం మీద స్వాధీనం అంటే మీరు ఇంట్లోనే ఉంటారు కానీ బయటి తలుపుకి నోటీసు అంటిస్తారు, రెండు పేపర్లలో వేస్తారు, అందులో ఒకటి తెలుగు పేపరు, "స్వాధీన ప్రకటన" అని పైన పెట్టి మీ పేరు, మీ ఆవిడ పేరు, ఫ్లాట్ నంబరు, నాలుగు వైపుల హద్దులు, బాకీ పైసలతో సహా. చుట్టాలకి తెలిసేది అప్పుడే. ఆ తర్వాత అమ్మకానికి 30 రోజుల నోటీసు, వేలం ప్రకటన, వేలం.

ఇప్పుడు ఒక్కొక్కటి.

మొదటిది ఎలాగోలా బాకీ సర్ది లోన్ నిలబెట్టుకోవడం. ఉద్యోగం పోయింది కానీ రెండు మూడు నెలల్లో మళ్లీ దొరుకుతుంది, లేదా ఎక్కడో డబ్బు రావాల్సి ఉంది, అలాంటివాళ్లకి ఇదే బెస్టు, ఇంకేం ఆలోచించొద్దు. కానీ ఇది 90 రోజుల లోపు చేయాలి. బ్యాంకుకి లెటర్ రాసి టెన్యూర్ పెంచమనో, కొన్నాళ్లు ఈఎంఐ తగ్గించమనో అడిగితే అకౌంట్ ఇంకా బాగున్నప్పుడు మేనేజర్ వింటాడు. ఎన్‌పీఏ అయ్యాక అదే మేనేజర్ "రికవరీ సెక్షన్‌తో మాట్లాడండి సార్" అంటాడు. ఇంకోటి, ఎన్‌పీఏ అయ్యాక ఒక ఈఎంఐ కట్టి హమ్మయ్య అనుకుంటే కుదరదు, వెనక బాకీ మొత్తం, అసలూ వడ్డీ రెండూ కట్టేస్తేనే అకౌంట్ మళ్లీ మామూలవుతుందని 2021 నవంబర్‌లో ఆర్‌బీఐ స్పష్టంగా చెప్పింది. పైగా ఎన్‌పీఏ ముద్ర పడేది మనిషి మీద, ఒక్క లోన్ మీద కాదు, అదే బ్యాంకులో మీకు కార్ లోనో పర్సనల్ లోనో ఉంటే అది బాగానే కడుతున్నా దానికీ ఆ ముద్ర పడుతుంది. వేరే బ్యాంకుకి బ్యాలెన్స్ ట్రాన్స్‌ఫర్ పెట్టుకుందాం అని అప్పుడు పరిగెడతారు కొందరు, సిబిల్‌లో ఆలస్యాలు కనపడుతుంటే ఏ బ్యాంకూ తీసుకోదు.

బాకీ సర్దడానికి డబ్బు ఎక్కడిది అనేది కూడా చూడాలి. ఇంట్లో బంగారం పెట్టి మూడు ఈఎంఐలు కట్టడం వేరు, ఆదాయం మళ్లీ మొదలవుతుందన్న నమ్మకం ఉంటే పర్లేదు. నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి 9 శాతం లోన్‌కి కట్టడం మాత్రం వద్దే వద్దు, అది ఏడాదికి 36 శాతం, ఇల్లు ఆగదు సరికదా ఇంకో అప్పు నెత్తి మీదకొస్తుంది. ఆదాయం తిరిగొచ్చే దారి కనపడకపోతే ఈ ఆప్షన్ పక్కన పెట్టేయండి.

రెండోది మనమే అమ్ముకోవడం. నా ఓటు ఎక్కువ కేసుల్లో దీనికే, ముఖ్యంగా ఇంటి విలువ బాకీ కంటే బాగా ఎక్కువ ఉన్నప్పుడు. జనం దీన్ని ఆఖరున ఆలోచిస్తారు, పరువు అంటారు, గృహప్రవేశానికి ఊరంతా పిలిచాం అంటారు. పేపర్లో స్వాధీన ప్రకటన పడితే పోయే పరువు ఎక్కువా, మంచి రేటుకి అమ్ముకుని అద్దెకి వెళ్తే పోయే పరువు ఎక్కువా?

లెక్క వేసి చూద్దాం, ఇది ఊరికే ఉదాహరణకి వేసింది. ఫ్లాట్ మార్కెట్ విలువ 80 లక్షలు, బాకీ 52 లక్షలు, వడ్డీ 9 శాతం. మీరే తొందరగా అమ్మాలని కాస్త తగ్గించి 73కి ఇచ్చేశారు, నాలుగు నెలలు పట్టింది. ఆ నాలుగు నెలల వడ్డీ ఒకటిన్నర లక్ష, బ్రోకర్‌కి ఒక శాతం, అన్నీ పోనూ మీ చేతికి 18 లక్షల పైనే. అదే ఫ్లాట్ బ్యాంకు వేలానికి వెళ్లిందనుకోండి. అక్కడిదాకా వచ్చేసరికి ఏడాదిన్నర, వడ్డీనే 7 లక్షలు, పెనల్ ఛార్జీలు, వాల్యుయర్ ఫీజు, పేపర్ ప్రకటనలు, లాయర్ ఖర్చు అన్నీ మీ అకౌంట్‌లోనే, ఇంకో లక్షన్నర అనుకుందాం, బాకీ 60 దాటింది. మొదటి వేలానికి ఎవరూ రాలేదు, రిజర్వ్ ధర (వేలంలో కనీస ధర) తగ్గించారు, రెండోసారి 62కి పోయింది. మీకు మిగిలింది ఒకటిన్నర లక్ష. ఇల్లు అదే, బాకీ అదే, తేడా 17 లక్షలు.

వేలంలో రేటు ఎందుకు పడిపోతుందంటే కొనేవాడు భయపడతాడు. ప్రకటనలోనే "ఎక్కడ ఉన్నది అక్కడే, ఎలా ఉన్నది అలాగే" అని ఉంటుంది, లోపల మనుషులున్నారో లేదో, అసోసియేషన్ మెయింటెనెన్స్ బాకీ ఎంతో, కరెంటు బిల్లు ఎంతో అన్నీ వాడి నెత్తినే. పైగా పాడుకున్నాక 25 శాతం ఆ రోజే, మహా అయితే మర్నాడు పనిదినానికల్లా కట్టాలి, మిగతాది మామూలుగా 15 రోజుల్లో. ఇంత కష్టానికి డిస్కౌంట్ లేకపోతే ఎవడొస్తాడు. మీ ఏరియాలో ఫ్లాట్లు వేలానికి ఏ రిజర్వ్ ధరకి పెడుతున్నారో బ్యాంకులు వేలం ఆస్తులు పెట్టే బ్యాంక్‌నెట్ పోర్టల్‌లో ఒకసారి చూడండి, మీ బిల్డింగ్ పక్క గల్లీలోది కూడా కనిపించొచ్చు.

సొంతంగా అమ్మడంలో ఉన్న మెలిక ఒక్కటే, 13(2) నోటీసు అందాక బ్యాంకు రాతపూర్వక అనుమతి లేకుండా అమ్మకూడదు, 13వ సెక్షన్ చివర్లో ఉంది అది. నోటీసుకి ముందైతే ఇంత తంటా లేదు. మామూలుగా జరిగేది ఇలా: మీ బ్యాంకులో ఫోర్‌క్లోజర్ లెటర్ తీసుకుంటారు, అందులో ఫలానా తేదీకి ఇంత, ఆ తర్వాత రోజుకి ఇంత వడ్డీ అని ఉంటుంది, ఏయే ఒరిజినల్స్ బ్యాంకు దగ్గరున్నాయో లిస్టు కూడా అడగండి, కొనేవాడి బ్యాంకు అది లేకుండా ఫైలు ముట్టదు. ముగ్గురూ ఒక అగ్రిమెంట్ రాసుకుంటారు, కొనేవాడి బ్యాంకు చెక్కు నేరుగా మీ లోన్ అకౌంట్ పేరు మీద ఇస్తుంది, మిగతాది మీకు. ఈసీ (ఆస్తి మీద ఉన్న తాకట్లు, లావాదేవీలు చూపే సర్టిఫికెట్) తీస్తే మీ తాకట్టు మెమొరాండం కనపడుతుంది కాబట్టి దాచాలని చూడొద్దు, బేరం మొదట్లోనే చెప్పేయండి, అడ్వాన్స్ తీసుకున్నాక బయటపడితే కొనేవాడు ఇంకో అయిదు లక్షలు కోస్తాడు. నోటీసు వచ్చేసినా సరే, కొనేవాడి పేరు, ఆఫర్ రేటు, అడ్వాన్స్ వివరాలతో బ్యాంకు ఆథరైజ్డ్ ఆఫీసర్‌కి రాతలో ఇవ్వండి, వాళ్లకి కావాల్సింది డబ్బు, వేలం తతంగం వాళ్లకీ సరదా ఏం కాదు.

మూడోది ఓటీఎస్, ఒకేసారి ఇంత కట్టేస్తా మిగతాది వదిలేయండి అని సెటిల్ చేసుకోవడం. దీని మీద ఊళ్లల్లో చాలా అపోహలున్నాయి, ఆగితే బ్యాంకే దిగొచ్చి సగానికి సగం తగ్గిస్తుంది అని. ఆస్తి గట్టిగా ఉన్న హోమ్ లోన్‌లో బ్యాంకు ఎందుకు తగ్గిస్తుంది? 80 లక్షల ఇల్లు చేతిలో పెట్టుకుని 52 లక్షల బాకీలో అసలు వదులుకోడానికి దానికేం పట్టింది, మహా అయితే పెనల్ ఛార్జీలు, కొంత వడ్డీ. ఓటీఎస్ బాగా పనిచేసేది ఆస్తి విలువ బాకీ కంటే తక్కువైనప్పుడు, లేదా ఆస్తిలో ఏదో లిటిగేషన్ ఉండి వేలం కష్టమైనప్పుడు. హక్కుగా అడిగేది కూడా కాదు, నాకు ఓటీఎస్ ఇచ్చి తీరాలి అని ఏ అప్పుదారుడూ డిమాండ్ చేయలేడని 2021 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు బిజ్నోర్ అర్బన్ కోఆపరేటివ్ బ్యాంకు కేసులో చెప్పింది. సిబిల్‌లో క్లోజ్డ్ అని కాకుండా సెటిల్డ్ అని పడుతుంది, రేపు ఇంకో లోన్‌కి వెళ్తే అది మొదట అడిగేది. ముప్పై అయిదేళ్ల వయసువాడికి ఇది పెద్ద దెబ్బ, రిటైర్ అయిన మనిషికి పెద్దగా పట్టదు. ఒప్పుకుంటే మాత్రం సాంక్షన్ లెటర్ రాతలో చేతికొచ్చాకే డబ్బు కట్టండి, ఫోన్‌లో రికవరీ ఏజెంటు చెప్పిన ఫిగర్‌కి విలువ లేదు. వాయిదా తప్పితే సెటిల్‌మెంట్ రద్దయి, కట్టింది వడ్డీలో జమేసుకుంటారు, అదే లెటర్‌లో కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది. లోక్ అదాలత్‌లో సెటిల్ చేసుకున్నా లెక్క ఇంతే, కాకపోతే అక్కడి అవార్డుకి కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది, అప్పీలు లేదు, కాబట్టి కట్టగలిగే మొత్తానికే సంతకం పెట్టండి.

నాలుగోది డీఆర్టీ. స్టే తెచ్చేద్దాం అని చెప్పే లాయర్లకి కొదవ లేదు. హైదరాబాద్‌లో రెండు, విశాఖలో ఒకటి ఉన్నాయి. సర్ఫేసీ 17వ సెక్షన్ కింద వేయాలి, స్వాధీనం లాంటి చర్య తీసుకున్న 45 రోజుల్లోపు, ఉత్త 13(2) నోటీసు మీద వేస్తే నిలబడదు. ఫీజు పెద్దదేం కాదు, అప్పుదారుడికి 10 లక్షల వరకు లక్షకి 500 చొప్పున, ఆ పైన లక్షకి 250 చొప్పున, 52 లక్షలకి 15,500 అవుతుంది. ఖర్చంతా లాయర్ది, వాయిదాలది. సివిల్ కోర్టుకి వెళ్లడానికి చట్టమే ఒప్పుకోదు, హైకోర్టు రిట్ వేద్దామంటే డీఆర్టీ ఉండగా ఇక్కడికెందుకొచ్చావ్ అంటారు, 2010లో సత్యవతి టండన్ కేసు నుంచి సుప్రీంకోర్టు ఇదే మాట చెప్తోంది. డీఆర్టీలో ఓడితే అప్పీలు కలకత్తాలో, దానికి ముందు బాకీలో సగం డిపాజిట్ చేయాలి, మరీ తగ్గించినా పావు వంతు. 52 లక్షల బాకీకి 13 లక్షలు తేగలిగితే ఆ మనిషి ఇక్కడిదాకా వచ్చేవాడే కాదు కదా.

అలాగని డీఆర్టీ పనికిరాదని కాదు. బ్యాంకు నిజంగా తప్పు చేసుంటే అది పదునైన ఆయుధం. నోటీసుకి మీరు అభ్యంతరం రాస్తే 15 రోజుల్లో కారణాలతో జవాబివ్వాలి, ఇవ్వలేదా? స్వాధీన ప్రకటన తెలుగు పేపర్లో వేయలేదా, అమ్మకం నోటీసుకి 30 రోజులు ఇవ్వలేదా, వాల్యుయేషన్ మరీ పాతదా, బాకీ లెక్క తప్పా, తాకట్టులో లేని పక్క ప్లాట్ కూడా కలిపేశారా? ఇవన్నీ వాదించడానికి పనికొస్తాయి. అందుకే 60 రోజుల నోటీసు వచ్చిన వెంటనే జవాబు రాయడం మానొద్దు, లాయర్ లేకపోయినా సరే, స్టేట్‌మెంట్ అడుగుతూ, తప్పులు ఎత్తి చూపుతూ రిజిస్టర్డ్ పోస్ట్‌లో పంపండి, రసీదు దాచండి. బ్యాంకు తరఫున ఏ తప్పూ లేకుండా ఊరికే టైమ్ లాగడానికి వేస్తే మాత్రం ఆ టైమ్‌కి రోజువారీ వడ్డీ మీదే. ఆ టైమ్‌లో ఫ్లాట్ అమ్మే ప్రయత్నం చేస్తున్నాం అంటే సరే, లేకపోతే ఊరికే ఖర్చు.

ఒక తేదీ మాత్రం గోడ మీద రాసుకోండి, వేలం ప్రకటన అచ్చయ్యే రోజు. 2016 సవరణకి ముందు అమ్మకం అయ్యేదాకా మొత్తం కట్టి ఇల్లు విడిపించుకోవచ్చనేవాళ్లు. ఇప్పుడు ప్రకటన వెలువడే తేదీకి ముందే మొత్తం కట్టాలి, 2023 సెప్టెంబర్‌లో సెలిర్ వర్సెస్ బాఫ్నా మోటార్స్ తీర్పులో సుప్రీంకోర్టు ఇది కచ్చితంగా చెప్పింది. ఆ తర్వాత మీ దగ్గర మొత్తం డబ్బున్నా హక్కుగా అడగలేరు. ఊళ్లో పొలం అమ్మిన డబ్బు వచ్చే నెల వస్తుంది సార్ అనేవాళ్లు దెబ్బతినేది ఇక్కడే.

అయిదోది వదిలేయడం. ఇది ఎవరికీ చెప్పను, ఒక్క సందర్భంలో తప్ప, ఇల్లు బాకీకి సరిపోదు, బ్యాంకు ఓటీఎస్‌కి రాదు, కొనేవాడు దొరకడు. అప్పుడు కూడా తాళాలిచ్చేస్తే బాకీ తీరిపోదని గుర్తుంచుకోండి, వేలంలో తక్కువొస్తే మిగతా దానికి బ్యాంకు మళ్లీ మీ మీదికి రావచ్చు, 20 లక్షలు, ఆ పైనైతే డీఆర్టీలో, తక్కువైతే సివిల్ కోర్టులో. గ్యారంటీ సంతకం పెట్టిన బావమరిది కూడా లైన్లో ఉంటాడు.

పొలం సంగతి వేరే. వ్యవసాయ భూమి తాకట్టుకి సర్ఫేసీ వర్తించదు, బ్యాంకు డీఆర్టీకో కోర్టుకో పోవాల్సిందే. అయితే పాస్‌బుక్‌లో వ్యవసాయం అని ఉంటే చాలు అనుకోవద్దు, నిజంగా సాగు భూమేనా అన్నది చూస్తారు, నాలా కన్వర్షన్ (వ్యవసాయేతర భూమిగా మార్పు) అయిపోయి వెంచర్ రాళ్లు పాతిన చోట ఆ వాదన నిలవదు.

బ్యాంకుని తప్పించుకుని ఊళ్లో షావుకారు దగ్గరికి వెళ్లేవాళ్లు ఇంకో గోతిలో పడతారు. అప్పిస్తా, నీ పొలం నా పేరున రిజిస్ట్రేషన్ చెయ్, డబ్బిచ్చాక తిరిగి రాసిస్తా అంటాడు. తిరిగి రాసిచ్చే షరతు అదే దస్తావేజులో ఉంటేనే చట్టం దాన్ని తాకట్టుగా చూస్తుంది, ఆస్తి బదిలీ చట్టం 58(సి) సెక్షన్ అదే చెప్తుంది. షరతు లోపల ఉంటే మీకు రక్షణ చాలా ఉంది, అతను ఫోర్‌క్లోజర్ దావా వేయాలి, కోర్టు ముందు ప్రిలిమినరీ డిక్రీ ఇచ్చి కట్టడానికి ఆరు నెలల దాకా టైమ్ ఇస్తుంది, అప్పటికీ కట్టకపోతేనే ఫైనల్ డిక్రీ. మీరు విడిపించుకునే దావాకి 30 ఏళ్ల గడువు ఉంటుంది. షరతు నోటిమాటగానో, విడిగా తెల్లకాగితం మీదో ఉంటే అది మామూలు అమ్మకం, దాన్ని తాకట్టని చట్టం లెక్కచేయదు. కాబట్టి బ్యాంకు తాకట్టా, షావుకారు సేల్ డీడా అంటే వడ్డీ సంగతి తర్వాత, కాగితం రకం చూసే బ్యాంకు వైపు మొగ్గండి.

అమెరికాలో ఇల్లు కొనుక్కున్న మనవాళ్లు, ఉద్యోగం పోయినవాళ్లు ఇవే రూల్స్ అనుకోవద్దు, అక్కడ స్టేట్‌ని బట్టి మారిపోతుంది. 120 రోజుల కంటే ఎక్కువ బాకీ పడితే గానీ సర్వీసర్ (లోన్ వసూళ్లు చూసే కంపెనీ) ఫోర్‌క్లోజర్ మొదలుపెట్టకూడదనేది ఫెడరల్ రూలు. ఆ తర్వాత న్యూజెర్సీలో కోర్టు ద్వారానే జరగాలి, కాబట్టి టైమ్ దొరుకుతుంది. టెక్సస్‌లో మామూలుగా కోర్టు ఉండదు, 21 రోజుల నోటీసుతో నెలలో మొదటి మంగళవారం వేలం, అయిపోయాక వెనక్కి తీసుకునే హక్కు మామూలు మార్ట్‌గేజ్‌లకి లేదు. డాలస్ వైపు ఉన్నవాళ్లు అందుకే ఇంకా ముందే లిస్టింగ్ పెట్టేయడం మేలు.

ఏ దారిలో క్లోజ్ చేసినా చివర్లో అలసిపోయి ఒక పని వదిలేస్తుంటారు. బాకీ మొత్తం తీరిన 30 రోజుల్లో బ్యాంకు ఒరిజినల్ కాగితాలన్నీ ఇచ్చి, తాకట్టు రిజిస్ట్రేషన్ కూడా తీసేయించాలి, వాళ్ల వల్ల ఆలస్యమైతే రోజుకి 5,000 చొప్పున మీకు ఇవ్వాలి, 2023 డిసెంబర్ 1 నుంచి ఈ రూలు. నో డ్యూస్ లెటర్ తీసుకోండి, నెల తర్వాత ఈసీ ఇంకోసారి తీయించి తాకట్టు ఎంట్రీకి రద్దు పడిందో లేదో చూడండి, సిబిల్ కూడా. ఇవ్వకపోతే ముందు బ్యాంకుకి రాతలో కంప్లైంట్, 30 రోజులు చూసి ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కి ఆన్‌లైన్‌లో పెట్టండి, దానికి ఫీజు లేదు, లాయర్ కూడా అక్కర్లేదు.